మీ డాబా మీద ఎండ ఎన్ని గంటలు? హైదరాబాదు ఎండను నెలనెలా లెక్కగట్టే పద్ధతి

హైదరాబాదులో ఏడాదికి సుమారు 2,700 గంటల ఎండ కాస్తుంది. 365తో భాగిస్తే రోజుకు ఏడున్నర గంటలకు కాస్త తక్కువ. ఎక్కడ అడిగినా ఈ సగటే చెబుతారు. చిక్కేమిటంటే, అక్టోబరు ఒక్కటి తప్పితే ఏ నెలకూ ఇది అతకదు. ఫిబ్రవరిలో రోజుకు తొమ్మిది గంటలు దాటి కాసే ఎండ ఆగస్టుకు వచ్చేసరికి నాలుగున్నరకు పడిపోతుంది. పైగా ఈ అంకె చుట్టూ అడ్డమేమీ లేని మైదానంలో కొలిచింది. మీ డాబాకు తూర్పున అపార్టుమెంటు ఉండొచ్చు, దక్షిణాన లిఫ్టు గది ఉండొచ్చు, నడినెత్తిన వాటర్ ట్యాంకు ఉండొచ్చు.

కాబట్టి ఊరి సగటును ఉన్నదున్నట్టు వాడకూడదు. దాన్ని నెలలుగా విడగొట్టి, అందులోంచి మీ ఇంటి నీడలు తీసేసి, మిగిలిందాన్ని వాడుకోవాలి. సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లకైనా, మిద్దెతోట వేసేవాళ్లకైనా, ఏటా వడియాలు పెట్టేవాళ్లకైనా పద్ధతి ఒకటే. కావాల్సిన సామాను ఒక కర్ర, టేపు, నోటుపుస్తకం, ఫోను.

1. మీ పనికి ఏం కావాలో ముందు తేల్చుకోండి

ఎండ ఎన్ని గంటలు కాసింది, ఎంత బలంగా కాసింది, గాలి ఎంత వేడెక్కింది. ఇవి మూడూ వేరువేరు లెక్కలు. మూడూ కలిసి నడుస్తాయనుకోవడం దగ్గరే అసలు పొరపాటు మొదలవుతుంది.

ఫిబ్రవరిలో మధ్యాహ్నం వేడి 32 డిగ్రీల దగ్గర ఆగుతుంది, సాయంత్రానికి చల్లబడుతుంది. మేలో 40 డిగ్రీలు. అయినా ఎండ గంటలు చూస్తే ఫిబ్రవరి మేకు ఏమాత్రం తీసిపోదు, వెంట్రుకవాసి ఎక్కువే. మే మండిపోవడానికి కారణం సూర్యుడు నెత్తి మీదికి రావడం, అంతకు ముందు నెలల తరబడి వాన లేక నేల ఎండి ఉండటం. తడి లేని నేల ఎండనంతా వేడిగా మార్చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట వేడి గురించి చెప్పింది. గంటల గురించి అడిగితే రోహిణికీ రథసప్తమికీ పెద్ద తేడా లేదు.

సోలార్‌కు కావాల్సింది ఎండ బలం, వేడి దానికి శత్రువు. టమాటా, వంగ, బెండలాంటి కాయగూరలకు గంటలు కావాలి: నేరుగా పడే ఎండ రోజుకు ఆరు గంటలైనా లేకపోతే చెట్టు ఏపుగా పెరుగుతుంది గానీ కాపు పట్టదు. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి. వడియాలు, ఒరుగులు, మాగాయ ముక్కలకు గంటలతో పాటు పొడిగాలి కావాలి. మీ పని ఏదో ఒక ముక్క నోటుపుస్తకంలో రాసుకుని మొదలుపెట్టండి.

2. ఏ అంకె తీసుకోవాలి

వాతావరణ కేంద్రాల్లో ఎండ గంటలు కొలవడానికి ఏళ్ల తరబడి వాడింది క్యాంప్‌బెల్–స్టోక్స్ పరికరం. 1853లో క్యాంప్‌బెల్ దీనికి రూపమిచ్చాడు, 1879లో స్టోక్స్ మెరుగుపెట్టాడు. పది సెంటీమీటర్ల గాజు గోళం, దాని వెనక వంపు తిరిగిన పట్టీలో ఒక అట్టముక్క, అంతే. ఎండ గోళంలోంచి ఒక బిందువుగా చేరి అట్టను కాలుస్తుంది. సూర్యుడు జరిగేకొద్దీ కాలిన గీత సాగుతుంది, మబ్బు అడ్డొస్తే తెగిపోతుంది. సాయంత్రం ఆ గీత పొడవు కొలిస్తే ఆ రోజు ఎండ గంటలు. సూర్యుడి దారి కాలాన్ని బట్టి మారుతుంది కనుక వేసవికి, చలికాలానికి, మధ్య నెలలకు మూడు రకాల అట్టలు వాడతారు.

ఇందులో మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో నేరుగా వచ్చే ఎండ చదరపు మీటరుకు 120 వాట్లు దాటితేనే అది ఎండ కాసినట్టు. పొద్దు పొడిచిన కొత్తలో వచ్చే నీరెండ, పల్చటి పొగమంచులోంచి వచ్చే మసక వెలుగు ఈ లెక్కలోకి రావు. అందుకే మబ్బు తునక కూడా లేని రోజున సైతం ఎండ గంటలు పగటి గంటలకు సమానం కావు, కాస్త తరుగు ఉంటుంది.

మరో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికే చాలా పట్టికలు పగటి గంటలనే ఎండ గంటలుగా చూపిస్తాయి. పసిగట్టడం తేలిక: హైదరాబాదుకు జులైలో రోజుకు 13 గంటలు అని రాసి ఉంటే అది పగటి పొడవు, దాన్ని పక్కన పడేయండి. భారత వాతావరణ శాఖ ప్రచురించే దీర్ఘకాల సగటులు తీసుకోండి, వాటిలో హైదరాబాదు అంటే బేగంపేట కేంద్రం. మీ ఊళ్లో కేంద్రం లేకపోతే నాసా పవర్ వెబ్‌సైటులో అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి సౌరశక్తి అంకెలు ఉచితంగా తీసుకోవచ్చు. అవి ఉపగ్రహాల నుంచి వచ్చే అంచనాలు. ఊరి స్థాయికి పనికొస్తాయి గానీ వీధి స్థాయికి దించకూడదు. ఒక్క ఏడాది అంకెలు చూసి తీర్మానించొద్దు. వానలు ముఖం చాటేసిన ఏడు, ముసురు వదలని ఏడు రెండూ వస్తుంటాయి, సగటుకు 30 ఏళ్లు తీసుకోవడం అందుకే.

3. పగటి పొడవు రాసుకోండి

ఇది తేలికైన మెట్టు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21న పగలు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు 21న 11 గంటల 5 నిమిషాలు. ఇంట్లో పంచాంగం ఉంటే దినప్రమాణం చూడండి: జూన్‌లో దాదాపు 33 ఘడియలు, డిసెంబరులో 28కి కొంచెం లోపు. ఘడియకు 24 నిమిషాలు. రెండు లెక్కలూ కలుస్తాయి.

అంటే ఏడాది మొత్తం మీద పగటి పొడవు మారేది రెండు గంటలే. లండన్‌లో ఇదే తేడా ఎనిమిది గంటలు దాటుతుంది, డిసెంబరులో అక్కడ పగలే ఎనిమిది గంటలు నిండదు. అక్కడ ఎండను శాసించేది క్యాలెండరు. హైదరాబాదులో శాసించేది మబ్బు.

చిన్న ముచ్చట ఒకటి. చలికాలంలో అన్నిటికన్నా తొందరగా పొద్దు గుంకేది డిసెంబరు 21న కాదు, నవంబరు చివర్లో, సాయంత్రం 5:40 ప్రాంతంలో. అన్నిటికన్నా ఆలస్యంగా పొద్దు పొడిచేది సంక్రాంతి వెళ్లాక, జనవరి మూడో వారంలో, 6:49కి. మిద్దెతోటకు పొద్దున్నే నీళ్లు పెట్టేవాళ్లకు ఈ తేడా చేతికి తెలుస్తూనే ఉంటుంది.

4. మబ్బు తినేసేదెంతో తీసేయండి

దీర్ఘకాల సగటుల్లో హైదరాబాదుకు రోజుకు ఎండ గంటలు, అరగంటకు సర్దితే, దాదాపు ఇలా ఉంటాయి: జనవరి 9, ఫిబ్రవరి 9.5, మార్చి 9, ఏప్రిల్ 9, మే 9, జూన్ 6, జులై 4.5, ఆగస్టు 4.5, సెప్టెంబరు 5.5, అక్టోబరు 7.5, నవంబరు 8, డిసెంబరు 8.5.

ఈ వరసను నోటుపుస్తకంలో నిలువుగా రాసి, పక్కన పగటి పొడవు రాయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఫిబ్రవరిలో పగలు పదకొండున్నర గంటలు, ఎండ తొమ్మిదిన్నర: నూటికి 80 పైన. ఆగస్టులో పగలు పన్నెండున్నర, ఎండ నాలుగున్నర: నూటికి 36. ఈ శాతమే రేపు మీకు పనికొచ్చే అంకె. ఏడో మెట్టులో దీంతోనే శక్తి లెక్క కడతాం.

ఇప్పుడు ఆ అంకెల వెనక ఆకాశం ఎలా ఉంటుందో చూడాలి, ఎందుకంటే సగటు ఒకటే అయినా నెలల తీరు ఒకటి కాదు.

జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం నమ్మకస్తుడు. పొద్దున శివార్లలో పొగమంచు కమ్మినా ఎనిమిది, తొమ్మిదికల్లా విడిపోతుంది, సాయంత్రం దాకా ఎండ తెగదు. ఒక రోజుకూ మరో రోజుకూ తేడా దాదాపు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో సగటు అదే తొమ్మిది గానీ నడక వేరు. పొద్దున్నించి మాడ్చేసి, మూడు నాలుగు గంటల వేళ పడమర నుంచి నల్లమబ్బు లేచి, గాలిదుమారం, ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. గంట పోయిందంటే పోయేది సాయంత్రం గంటే. వడియాలు పెట్టే ఆడవాళ్లు మేలో తెల్లవారుజామునే పిండి రుబ్బి ఎండెక్కకముందే గుడ్డ మీద పెట్టేసి, నాలుగయ్యేలోగా లోపలికి తెచ్చేసుకోవడం ఇది తెలిసే.

జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తెతో పాటే నైరుతి రుతుపవనం తెలంగాణలోకి దిగుతుంది. జూన్ సగటు 6 అంటే నెలంతా ఆరేసి గంటలు కాదు. మొదటి వారంలో ఎనిమిది తొమ్మిది గంటలు కాసి, వానలు పట్టాక మూడు నాలుగుకు పడిపోతే మధ్యలో వచ్చే అంకె అది. రుతుపవనాలు ఆలస్యమైన ఏడాది జూన్ అచ్చంగా మేలా ఉంటుంది. అందుకని జూన్‌ను రెండు ముక్కలుగా రాసుకోవడం మేలు.

జులై, ఆగస్టుల్లో రెండు రకాల రోజులు ఉంటాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా కదులుతుంటే ఇక్కడ ముసురు పడుతుంది. రెండు మూడు రోజులు సూర్యుడి ఊసే ఉండదు, కొలిస్తే సున్నా. తర్వాత వానలకు విరామం వస్తుంది, కడిగిన ఆకాశం, ఏడెనిమిది గంటల చురుకైన ఎండ. సగటు నాలుగున్నర ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉన్న అంకె, సరిగ్గా అంత కాసే రోజులు తక్కువ. బ్యాటరీ మీద ఆధారపడేవాళ్లు ఈ సగటును కాక, వరుసగా వచ్చే సున్నా రోజులను లెక్కలోకి తీసుకోవాలి.

ఇక్కడే హైదరాబాదు ఎండలోని పెద్ద తమాషా ఉంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి, నిట్టనిలువు వస్తువుకు నీడే లేకుండా పోయే రోజులు ఇక్కడ ఏడాదికి రెండు: మే 9 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకటి. సూర్యుడి బలం రెండు రోజుల్లోనూ దాదాపు ఒకటే. మొదటిది జనం బయటకు రాని రోజు. రెండోది ఆశ్లేష కార్తె మొదట్లో, ఏడాదిలో ఎండ అన్నిటికన్నా తక్కువ కాసే వారాల్లో పడుతుంది.

సెప్టెంబరులో మబ్బు ముక్కలవుతుంది. పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రం కుండపోత అన్నట్టు నడుస్తుంది. అక్టోబరులో రుతుపవనాలు వెనుదిరిగాక ఆకాశం తేరుకుంటుంది, ఏదైనా తుపాను వస్తే నాలుగు రోజులు గల్లంతు. నవంబరు, డిసెంబరు గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. మంచి ఎండ, పొట్టి పగలు.

5. నీడను కొలవండి

పుస్తకంలో లేనిది, మీరే చేసుకోవాల్సింది ఈ మెట్టు. ఓపిక పెట్టాల్సింది కూడా ఇక్కడే.

ముందు ఉత్తరం ఎటో కచ్చితంగా తేల్చుకోండి. ఫోనులోని దిక్సూచి ఇనుప షెడ్డు దగ్గర, స్లాబులో కడ్డీలున్న చోట తప్పు చూపిస్తుంది. మీటరు పొడవు కర్రను డాబా మీద నిలబెట్టి, దారానికి బరువు కట్టి వేలాడదీసి నిలువు సరిచూసుకోండి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణాన దాని మీదుగా సుద్దతో గీత గీస్తే అదే ఉత్తర దక్షిణ రేఖ. అయితే ఆ క్షణం గడియారంలో పన్నెండు కాదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాదు దానికి పడమరగా 78.5 దగ్గర ఉంది. అందుకే ఇక్కడ అసలు మధ్యాహ్నం నవంబరు మొదట్లో 12:00కి, ఫిబ్రవరి రెండో వారంలో 12:30కి వస్తుంది, తక్కిన రోజుల్లో ఈ మధ్యలో. 11:50 నుంచి 12:40 దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొసన ఒక చుక్క పెట్టుకుంటూ పోతే పొట్టి నీడ ఏదో మీకే కనిపిస్తుంది. మే, ఆగస్టుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, నీడే ఉండదు.

తర్వాత ఈ రెండు కొలతలు గుర్తుపెట్టుకోండి. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నీడ వస్తువు ఎత్తులో 86 శాతం ఉండి ఉత్తరానికి పడుతుంది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. నీడ ఎత్తులో పదో వంతు, అదీ దక్షిణానికి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా దాదాపు మూడు నెలలు మిట్టమధ్యాహ్నం వేళ దక్షిణపు గోడకు నేరుగా ఎండ తగలదు, ఉత్తరపు గోడకు తగులుతుంది.

పిట్టగోడ మీటరు ఎత్తు అనుకోండి. దక్షిణపు పిట్టగోడకు ఆనించిన కుండీలు డిసెంబరు మధ్యాహ్నం కూడా 86 సెంటీమీటర్ల నీడలో ఉంటాయి. పొద్దున తొమ్మిదికైతే నీడ ఎత్తుకు దాదాపు రెట్టింపు, వాయవ్యం వైపు సాగుతుంది. అంటే చలికాలమంతా ఆ కుండీలకు ఎండ పొడ తగలదు. అవే కుండీలు వేసవిలో మాడిపోతాయి. కుండీలను చలికాలమంతా ఉత్తరపు అంచున ఉంచేవాళ్ల తోటలు ఎందుకు బాగుంటాయో ఈ లెక్క చెబుతుంది.

పక్క భవనాలకు పిడికిలి కొలత చాలు. చేయి బారచాపి పిడికిలి బిగిస్తే దాని ఎత్తు సుమారు పది డిగ్రీలు. కుండీ పెట్టే చోట, లేదా ప్యానెల్ పెట్టే చోట కూర్చుని, కంటి మట్టం నుంచి పక్క భవనం పైఅంచు దాకా పిడికిలి మీద పిడికిలి లెక్కపెట్టండి. దక్షిణాన ఐదు పిడికిళ్లు దాటిన భవనం ఉంటే డిసెంబరులో మధ్యాహ్నపు ఎండ కూడా రాదు. నాలుగు లోపు ఉంటే మధ్యాహ్నానికి ఇబ్బంది లేదు. సూర్యుడు పొడిచే చోటు కూడా మారుతుంటుంది: డిసెంబరులో తూర్పుకు 25 డిగ్రీలు ఆగ్నేయంగా, జూన్‌లో అంతే ఈశాన్యంగా. తూర్పున ఒక భవనం పక్కగా ఉంటే అది ఆరు నెలలే అడ్డు కావచ్చు.

పడమర సంగతి ఒక లెక్కతో చూద్దాం. మీ డాబా కన్నా తొమ్మిది మీటర్లు ఎత్తున్న పొడవాటి భవనం తొమ్మిది మీటర్ల దూరంలో ఉందనుకోండి. మార్చి, సెప్టెంబరు 21 ప్రాంతాల్లో మధ్యాహ్నం సుమారు మూడుంబావు నుంచి మీకు నీడ మొదలవుతుంది. పొద్దుగూకేదాకా మూడు గంటలు పోయినట్టు. కాయగూరలకైతే ఇది గట్టి దెబ్బే. సోలార్‌కు మాత్రం అంత కాదు. ఏటవాలు ఎండ బలహీనం కాబట్టి ఆ మూడు గంటల్లో పోయేది రోజు శక్తిలో దాదాపు ఏడో వంతే. దీనికి తలకిందులుగా, నడి మధ్యాహ్నం ప్యానెల్ మీద పడే సన్నటి నీడ ఎంతో ఎక్కువ నష్టం చేస్తుంది. ప్యానెళ్లను ఒకదాని వెంట ఒకటి వరసగా కలుపుతారు గనుక ఒకదాని మీద పడ్డ డిష్ యాంటెన్నా నీడ వరస మొత్తాన్ని కిందికి లాగుతుంది. ప్యానెళ్లు పెట్టేవాళ్లు వేసవిలో వచ్చి కొలతలు తీసుకుంటే నీడలు కురచగా కనబడతాయి. డిసెంబరు నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దగీతతో మీరే చూపించండి.

పక్క ప్లాటు ఖాళీగా ఉంటే అక్కడ ఎన్ని అంతస్తులు లేచే వీలుందో కూడా కనుక్కుని లెక్కలో వేసుకోండి. హైదరాబాదులో ఖాళీ ప్లాటు ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు.

6. నాలుగు వారాల పుస్తకం

ఏడాదంతా కూర్చుని రాయక్కర్లేదు. జనవరిలో ఒక వారం, మేలో ఒకటి, ఆగస్టులో ఒకటి, అక్టోబరులో ఒకటి చాలు. ఆ వారాల్లో పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా గంటకోసారి మీకు కావాల్సిన చోట చేయి చాపి నీడ చూడండి. వేళ్ల అంచులు విడివిడిగా, పదునుగా కనిపిస్తే ఆ గంట ఒకటి. నీడ ఉంది గానీ అంచులు కరిగిపోయినట్టుంటే అర. నీడే లేకపోతే సున్నా. పరికరం ఇచ్చే అంకెకు ఇది సరిసమానం కాకపోయినా ఇంటి పనికి ధారాళంగా సరిపోతుంది. ఇంట్లో ఎవరూ ఉండకపోతే పాత ఫోనును కిటికీలో నిలబెట్టి టైమ్‌ల్యాప్స్ పెట్టండి, సాయంత్రం రెండు నిమిషాల్లో రోజంతా చూడొచ్చు.

సున్నాలు ఎందుకు వచ్చాయో పక్కన రాయడం మరవొద్దు. మబ్బుకు "మ", భవనం నీడకు "నీ". మబ్బు వల్ల వచ్చిన సున్నాను మీరేమీ చేయలేరు. నీడ వల్ల వచ్చింది కుండీ జరిపితేనో, స్టాండు ఎత్తు పెంచితేనో పోతుంది.

7. గంటలను శక్తిగా మార్చండి

సోలార్ ఆలోచన లేనివాళ్లు ఈ మెట్టు దాటేయొచ్చు.

ఎండ గంటల నుంచి శక్తిని అంచనా వేయడానికి వాతావరణ శాస్త్రంలో ఒక పాత సూత్రం ఉంది, ఆంగ్‌స్ట్రామ్–ప్రెస్కాట్ సూత్రం అంటారు. నాలుగో మెట్టులో కట్టిన శాతాన్ని తీసుకోండి. దాన్ని సగం చేసి, 25 కలపండి. వాతావరణం పైఅంచున పడే సౌరశక్తిలో అంత శాతం మీ డాబాకు చేరుతుంది. ఆ 25 ఎందుకంటే, సూర్యుడు ఒక్క నిమిషం కూడా కనిపించని ముసురు రోజున సైతం మబ్బులోంచి వడగట్టుకుని పావువంతు వెలుగు దిగుతుంది.

హైదరాబాదు అక్షాంశానికి పైన పడే శక్తి, రోజుకు చదరపు మీటరుకు యూనిట్లలో: డిసెంబరులో 7.5, ఫిబ్రవరిలో 8.9, మేలో 10.8, ఆగస్టులో 10.6. ఇప్పుడు గుణించండి. డిసెంబరు ఎండ శాతం 77, కాబట్టి చేరేది 64 శాతం, అంటే 4.8 యూనిట్లు. ఆగస్టు శాతం 36, చేరేది 43 శాతం, అంటే 4.6 యూనిట్లు.

ఒకసారి ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎండ గంటలు ఎనిమిదిన్నర ఒకచోట, నాలుగున్నర ఇంకోచోట. అయినా చదునైన నేల మీద పడే శక్తిలో తేడా స్వల్పం. ఆగస్టు సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, మబ్బు తెరిపి ఇచ్చిన కొద్దిసేపట్లోనే దండిగా కుమ్మరిస్తాడు, మూసుకున్నప్పుడూ పావువంతు పంపిస్తాడు. వానాకాలంలో సోలార్ పనిచేయదని భయపడేవాళ్లకు ఇదే జవాబు. మిరపకాయలు ఆరబోసుకునేవాళ్లకు మాత్రం ఈ ఓదార్పు వర్తించదు, వాటికి గంటలు కావాలి, పొడిగాలి కావాలి, ఆగస్టులో రెండూ లేవు.

మేకు 6.5, ఫిబ్రవరికి 5.9 వస్తాయి. ఈ లెక్కన మే గెలవాలి. కానీ ప్యానెల్ సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలిచి ముద్రిస్తారు. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 నుంచి 0.4 శాతం తరుగు. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందంటే అక్కడే 14 శాతం పోయింది. పైన దుమ్ము. దక్షిణానికి 15 నుంచి 17 డిగ్రీలు వాల్చిన ప్యానెల్‌కు ఫిబ్రవరి, మార్చి ఎండ నిటారుగా తగులుతుంది, గాలీ చల్లగా ఉంటుంది. కరెంటు బిల్లులో మంచి నెలలు అవే కావడానికి కారణం ఇది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు అనే వాడుక లెక్క ఏడాది సగటుకు సరిపోతుంది, నెలకు కాదు.

8. ఇక పనిలో పెట్టండి

మిద్దెతోటలో కాపు కూరలు పూతకు వచ్చే వారాలు నవంబరు నుంచి మార్చి మధ్య పడేలా నారు పోసుకోండి, కుండీలు ఉత్తరపు అంచున. ఏప్రిల్, మేలో నీడ వల తప్పదు, అప్పుడు ఎండను తగ్గించడమే పని. జులై, ఆగస్టుల్లో నాలుగున్నర గంటలకు ఏది బతుకుతుందో అదే వేయండి: తోటకూర, బచ్చలి, గోంగూర. ఆ నెలల్లో టమాటా పిందె రాల్చేస్తే అది ఎరువు లోపమని మందులు కొట్టకండి.

వడియాలు, ఊరమిరపకాయలకు సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి మార్చి చివరిదాకా అనువైన కాలం. ఎండ తెగదు, దుమారం లేదు, రాత్రి మంచు పెద్దగా పట్టదు. మాగాయకు మామిడికాయ రావాలి కాబట్టి మే దాకా ఆగాల్సిందే. పొద్దున ఎనిమిది నుంచి మూడు దాకా ఆరే చోటు చూసుకోండి, పడమటి ఎండను నమ్ముకోవద్దు.

ప్యానెళ్లు కడగడం ఫిబ్రవరి నుంచి మే దాకా పదిహేను రోజులకోసారి, తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు. వేడెక్కిన గాజు మీద చల్లటి నీళ్లు కొడితే పగలొచ్చు. వానాకాలంలో ఆ పని వాన చూసుకుంటుంది.

9. హైదరాబాదు కాని ఊళ్లకు

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఈ నడకను చాలావరకు వాడుకోవచ్చు. నెల్లూరు, తిరుపతి వాళ్లు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు గడులు కొట్టేసి కొత్తగా రాసుకోవాలి. అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు పడేది ఆ నెలల్లోనే, హైదరాబాదులో ఆకాశం తేటపడే వేళ అక్కడ మబ్బు పడుతుంది. విశాఖలాంటి తీరపు ఊళ్లలో అక్టోబరు తుపానుల నెల, దానికి విడిగా తరుగు వేయండి.

పరదేశంలో ఉండి అక్కడి పెరట్లో గోంగూర వేసుకునేవాళ్లు నాలుగో మెట్టు కన్నా మూడు, ఐదు మెట్లకు ఎక్కువ విలువివ్వాలి. డాలస్ 33 డిగ్రీల దగ్గర ఉంది, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 34 డిగ్రీలు మించి లేవడు, ఆరడుగుల కంచె నీడ ఉత్తరానికి దాదాపు తొమ్మిది అడుగులు పడుతుంది. పిడికిలి కొలత అక్కడా పనిచేస్తుంది: దక్షిణాన మూడు పిడికిళ్లకు మించిన అడ్డేదీ లేని చోట మడి కట్టుకోండి.